గుండు గోడకు తగిలిందా? అక్కడే ఆగండి

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు గట్టి వాన పడితే చాలు, ఎక్కడో ఒక కాంపౌండు గోడ కూలిందన్న కబురు వస్తుంది. ఈసారీ వచ్చింది. పునాది నానిందన్నారు, సిమెంటు తక్కువేశారన్నారు. గోడ అసలు నిలువుగా ఉండేదా అని ఎవరూ అడగలేదు. 2013లో ఫైలిన్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆలోపు గోడ లేపుతున్నవాళ్ల కోసం ఇది. ఇటుక తడపడం, ఇసుక జల్లించడం మీ మేస్త్రీకి తెలుసు. ఇక్కడ తూకం, అంటే గోడ నిలువు, చూడడానికి దారానికి వేలాడదీసే తూకం గుండు సంగతే.

గోడలను ముంచేది ఒకటే మాట: "గుండు తగిలిందండి, తూకం బాగుంది." దారం పై కొసన ఉండే పలకను గోడకు ఆనించి గుండు కిందికి వదులుతారు. పలక వెడల్పు, గుండు లావు ఒకటే కాబట్టి నిలువు గోడకు గుండు అంటీ అంటనట్టు ఉండాలి. గోడ పైభాగం మీ వైపు వాలితే సందు కనిపిస్తుంది, ఆ తప్పు దాగదు. అవతలికి వాలితే మాత్రం గుండు గోడ మీద పడుకుంటుంది. నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) వాలినా తగిలినట్టే, అంగుళం వాలినా తగిలినట్టే.

అందుకే కొలవండి. పలకకూ గోడకూ మధ్య 10 మిల్లీమీటర్ల మందం చెక్కముక్క పెట్టండి. ఊగడం ఆగాక కింద గుండుకూ గోడకూ మధ్య టేపు పెట్టండి. అక్కడా 10 ఉంటే నిలువు. 4 ఉంటే పైభాగం 6 మిల్లీమీటర్లు అవతలికి పోయింది, 16 ఉంటే ఇవతలికి వచ్చింది. సున్నా వస్తే ఇంకా మందం చెక్క పెట్టి మళ్లీ చూడండి. 3 మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు నూళ్లు, దాటకూడదని ఇటుక పనికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2212 చెబుతుంది.

తూకం పొద్దున్నే చూడండి, ఎండెక్కితే సముద్రం గాలి లేస్తుంది. గుండును నీళ్ల బక్కెట్లో ముంచితే ఊగడం త్వరగా ఆగుతుంది. అప్పుడు దారాన్ని బద్ద మీదుగా గోడకు జానెడు దూరంలో వేలాడదీసి, పైనా కిందా దారం నుంచి గోడకు కొలవాలి. గుండు బక్కెట్ అంచుకీ అడుక్కీ తగలకూడదు. గాలి దారాన్నే నెడుతుంటే మాత్రం బక్కెట్ ఏమీ చేయలేదు, ఆగండి.

దారం గుండు నడిమధ్య నుంచి రావాలి. వేలాడదీసి మెల్లగా తిప్పితే మొన ఒక్కచోటే తిరగాలి. సున్నా చుట్టే గుండును పక్కన పడేయండి. పలకకు అంటిన సిమెంటు గీకండి.

మూడు నాలుగు వరసలకోసారి తూకం. గోడంతా లేచాక చూసి లాభం లేదు.

తొమ్మిదంగుళాల గోడకు ఎప్పుడూ ఒకే ముఖం చూడండి. ఇటుకల పొడవులో తేడా ఉంటుంది, రెండో వైపు వేరే లెక్క చూపిస్తుంది.

స్తంభానికి, మూలకు ఒకదానికొకటి ఆనుకున్న రెండు పక్కలా తూకం చూడండి.

కాలమ్ బాక్సుకు, అంటే స్తంభం పోసే అచ్చుకు, కాంక్రీటు పోయకముందొకసారి, పోశాక బిగుసుకోకముందు ఇంకోసారి. వైబ్రేటరు పెడితే బాక్సు జరుగుతుంది.

మళ్లీ చెబుతున్నాం: తగిలితే సరిపోదు, టేపు పెట్టాలి.

బిగిసిన ఇటుకను సుత్తితో కొట్టి జరపొద్దు. అతుకు విడిపోతుంది. ఆ వరసలు విప్పండి, మళ్లీ కట్టండి.

ప్లాస్టరింగులో సరిచేస్తానంటే ఒప్పుకోవద్దు. వాలిన గోడ ప్లాస్టరింగు కింద వాలే ఉంటుంది.

రోజుకు 1.5 మీటర్లు దాటించొద్దు. పై బరువుకు కింద పచ్చి సిమెంటు నలిగి, పొద్దున నిలువుగా ఉన్న గోడ సాయంత్రానికి ఒరుగుతుంది.

గుండు వదిలేముందు కిందివాళ్లకు కేక వేయండి. కరెంటు తీగల దగ్గర తడి దారం ఎత్తొద్దు.

వాన వెలిసిన మర్నాడు కొత్త వరస పెట్టేముందు నిన్నటి గోడకు తూకం చూడండి.

తుఫాను హెచ్చరిక వచ్చాక నాలుగున్నర అంగుళాల పిట్టగోడ మొదలుపెట్టొద్దు. సగంలో ఉంటే రెండు వైపులా ఊతకర్రలు పెట్టి, దాని కింద ఎవరినీ పడుకోనివ్వకండి.