పాటలు వింటే డేటా అయిపోతోందా?

రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్నా, ఘంటసాల పాటలు రెండు మూడు గంటలు యూట్యూబ్‌లో వింటే సాయంత్రానికే నెట్ స్లో అయిపోతుంది. ఫోన్ జేబులో ఉంటుంది, బొమ్మ మాత్రం హెచ్‌డీలో నడుస్తుంటుంది. ఎవరి కోసమో మరి!

వీడియో మీద చక్రం గుర్తు నొక్కి, క్వాలిటీలోకి వెళ్లి, అక్కడ అడ్వాన్స్‌డ్‌లో 144 పెట్టండి. 720లో గంటకు దాదాపు ఒక జీబీ దాకా లాగేది, ఇలా పెడితే సుమారు 100 ఎంబీతో సరిపోతుంది. పాతపాటలకు ఆ సౌండ్ చాలు.

ఈ సెట్టింగు ఆ ఒక్క వీడియోకే పనిచేస్తుంది, తర్వాతి పాటకు మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే విడి పాటలు కాకుండా గంట, రెండు గంటల జ్యూక్‌బాక్స్ పెట్టుకోండి. లేదంటే యాప్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీకి వెళ్లి, మొబైల్ నెట్‌వర్క్ కింద డేటా సేవర్ ఎంచుకోండి. అప్పుడు వైఫైలో సినిమా చూసేటప్పుడు బొమ్మ మామూలుగానే ఉంటుంది. లిరిక్స్ వీడియోలకు మాత్రం ఇది వద్దు, అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తాయి.

అచ్చంపేట మీదుగా శ్రీశైలం పోయేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్తే చాలాచోట్ల సిగ్నలే ఉండదు, 144 పెట్టినా పాట రాక లోడింగ్ గుర్తు తిరుగుతూనే ఉంటుంది. డౌన్‌లోడ్ గుర్తు పనిచేసే పాటలు ముందురోజే ఇంట్లో వైఫై మీద దించి పెట్టుకోండి.