కొత్త స్పాట్‌లో సర్ఫింగ్: లోకల్స్‌తో గొడవ లేకుండా మీ వంతు అల అందుకోవడం ఎలా

రాతి కొస సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోట అలలు విరుగుతుంటే దాన్ని పాయింట్ బ్రేక్ అంటారు. అక్కడ అల ఎక్కడపడితే అక్కడ లేవదు. అడుగున రాతి వరస ఎక్కడ మొదలైతే అక్కడే, దాదాపు ప్రతిసారీ ఒకే చోట లేస్తుంది. దాన్నే పీక్ అంటారు. బోర్డు మీద లేచి నిలబడే చోటు అక్కడ కొద్ది గజాలే ఉంటుంది. పన్నెండు నిమిషాలకో సెట్ (వరసగా వచ్చే పెద్ద అలల గుంపు), సెట్‌కి నాలుగు అలలు అనుకుంటే గంటకి 20 అలలు. నీళ్లలో 30 మంది ఉంటే తలకి ఒక్కటి కూడా రాదు. లోకల్స్ కోపంలో ఎక్కువ భాగం ఈ లెక్కలోంచే పుడుతుంది. కాలువ చివరి పొలాల్లో నీటి వంతు దగ్గర తలలు ఎందుకు పగులుతాయో చూసినవాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

కాలిఫోర్నియాలో పసిఫికాలోని లిండా మార్‌లోనో, శాంటా క్రూజ్‌లోని కవెల్స్‌లోనో నేర్చుకుని, ఇప్పుడు కాస్త గట్టి అలలకి వెళ్దామనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది. విశాఖ, చెన్నై వైపు సంగతి చివర్లో వేరుగా చెప్తాం. అక్కడ సముద్రం మీద మొదటి హక్కు సర్ఫర్లది కాదు.

స్పాట్, రోజు, వెంట వచ్చేవాళ్లు

ఇసుక అడుగున్న బీచ్ బ్రేక్‌లో పీక్‌లు చాలా ఉంటాయి, జనం చెదిరిపోతారు, గొడవలు తక్కువ. పాయింట్, రీఫ్ (నీటి కింది రాతి దిబ్బ) బ్రేక్‌ల్లో పీక్ ఒకటే, అందరి చూపూ దాని మీదే. కాబట్టి నేరుగా పీక్‌కి కాకుండా మెట్టుమెట్టుగా వెళ్లండి. శాంటా క్రూజ్‌లో స్టీమర్ లేన్ ఒకటే అల అనుకుంటారు గానీ, కొండ అంచున పాయింట్, స్లాట్, మిడిల్ పీక్, ఇండికేటర్స్ అని వరసగా భాగాలున్నాయి. కిందికి వచ్చేకొద్దీ కవెల్స్ వస్తుంది. కవెల్స్‌లో కుదురుకున్నవాళ్లు తర్వాత ఇండికేటర్స్‌కి వెళ్లాలి, పాయింట్‌కి కాదు. ప్లెజర్ పాయింట్‌లోనూ అంతే: సూయర్ పీక్ జోలికి పోకుండా సెకండ్ పీక్ దగ్గర మొదలుపెట్టండి.

సీజన్‌లో వచ్చే మొదటి పెద్ద స్వెల్ (దూరం నుంచి వచ్చే అలల పొంగు) నాడు కొత్త చోటికి వెళ్లొద్దు. నెలల తరబడి ఎదురుచూసినవాళ్లంతా ఆ రోజే దిగుతారు. శని, ఆదివారాలూ వద్దు. వారం మధ్యలో పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య వెళ్తే తెల్లవారుజామున దిగినవాళ్లు ఉద్యోగాలకి వెళ్లిపోతుంటారు, లైనప్ (అల కోసం సర్ఫర్లు కాచుకుని కూర్చునే చోటు) పలచబడుతుంది. ఆటుపోట్ల పట్టిక మాత్రం ముందే చూసుకోండి. నిండు పోటులో అలలు ఉబ్బి కూర్చుండిపోయే చోట్లు ఉన్నాయి. అప్పుడు లైనప్ ఖాళీగా ఉందంటే అది మీ అదృష్టం కాదు, అలల్లేవు కాబట్టి ఖాళీగా ఉంది.

వెంట ఒక్కరే ఉండాలి, ఒకే కారులో రావాలి. ఐదుగురు ఒక్కసారిగా ప్యాడిల్ చేసుకుంటూ (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ) వస్తే, వాళ్లెంత మర్యాదస్తులైనా లోకల్ కంటికి కనిపించేది ఐదు అలలు పోయాయనే. వాట్సాప్ గ్రూపులో ‘శనివారం అందరం స్టీమర్ లేన్’ అని పెట్టేవాళ్లని ఆపండి. డ్రోన్ వద్దు. ఫోటో పెట్టినా లొకేషన్ పెట్టొద్దు. లైనప్‌లో గట్టిగా తెలుగులో కబుర్లు, ఒకడు అల పట్టగానే మిగతావాళ్ల ఈలలు కూడా వద్దు. భాషతో ఎవరికీ పేచీ లేదు, ఆ సందడితోనే.

దిగే ముందు అరగంట

కొండ మీద నిలబడి కనీసం 30 నిమిషాలు చూడండి. రెండు మూడు సెట్‌లు కళ్ల ముందు పోవాలి, అంతకు తక్కువైతే ఏమీ తెలియదు. అసలు చూడాల్సింది అల ఎత్తు కాదు, మనుషుల కదలిక. ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడ ఎక్కుతున్నారు, సెట్‌లో పెద్ద అలలు ఎవరికి పోతున్నాయి, ఏ అలలు ఎవరూ పట్టకుండా లోపలికి వెళ్లిపోతున్నాయి. ఈ చివరిది ముఖ్యం. మీ మొదటి గంటకి పనికొచ్చేవి ఆ అలలే.

పీక్ దగ్గర అందరూ ఆరడుగుల షార్ట్‌బోర్డుల మీద ఉంటే తొమ్మిదడుగుల లాంగ్‌బోర్డు తీసుకెళ్లొద్దు. పొడుగు బోర్డుకి తేలే గుణం ఎక్కువ. అల ఇంకా నిటారుగా లేవకముందే, అందరికంటే బయట కూర్చుని దాన్ని అందుకోగలరు. అంటే తెలియకుండానే ప్రతి సెట్‌నీ ముందే కొట్టేస్తారు. అందుకే లాంగ్‌బోర్డు మీదున్న కొత్తవాడి మీద రెట్టింపు కోపం.

బోర్డుని కాలికి కట్టే తాడుని లీష్ అంటారు. దాని పొడుగు బోర్డు పొడుగుకి తక్కువ కాకూడదు. లీష్‌ని బోర్డుకి కట్టే సన్నతాడు నలిగిందా, చీలమండ దగ్గర వెల్‌క్రో పట్టు వదులైందా చూసుకోండి. రాళ్ల మధ్య లీష్ తెగితే బోర్డు ఎవరి మీదికి పోతుందో చెప్పలేం. కారు తాళం టైరు మీద దాచొద్దు, ఆ చోటు దొంగలకి బాగా తెలుసు. సన్నతాడుతో వెట్‌సూట్ లోపల కట్టుకోండి.

నీళ్లలో

అలలు విరగని లోతైన దారిని చానెల్ అంటారు. లోపలికి అటుగానే వెళ్లాలి. మధ్యలో చిక్కుకుని, పైనుంచి ఒకరు అల మీద వస్తుంటే, వాళ్ల ముందున్న శుభ్రమైన అల వైపు కాకుండా వెనకున్న నురుగు వైపు ప్యాడిల్ చేయండి. నురుగు మీ నెత్తిన పడుతుంది, పడనివ్వండి. ఆ దెబ్బ తప్పించుకోబోయి అల మీదున్నవాడి దారికి అడ్డం పోవడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. నురుగొస్తోందని బోర్డు వదిలేసి మునగొద్దు. తొమ్మిదడుగుల బోర్డు, తొమ్మిదడుగుల లీష్ కలిస్తే మీ వెనక 18 అడుగుల మేర ఎవరి తలైనా పగలొచ్చు.

లైనప్ చేరాక పీక్‌కి 10–15 మీటర్లు పక్కన, అల భుజం (ఇంకా విరగని పక్క భాగం) వైపు కూర్చోండి. పక్కవాళ్లకి ఒక తలూపు, ఒక ‘మార్నింగ్’ చాలు. మొదటి రెండు సెట్‌లు వదిలేయండి. అది ఉత్త మర్యాద కాదు. ఆ ఇరవై నిమిషాల్లో అక్కడ వరస ఎలా నడుస్తోందో తెలుస్తుంది. తర్వాత ఎవరూ పట్టని మధ్యరకం అల ఒకటి ఎంచుకోండి. మొదటి అల సరిగ్గా పట్టడం మీద చాలా ఆధారపడి ఉంది. పట్టబోయి వెనక్కి లాగేసుకున్నా, లేవబోయి పడిపోయినా ఆ అల ఎవరికీ కాకుండా పోతుంది. అలా రెండుసార్లు జరిగితే ఆ తర్వాత మీ ముందు ఎవరైనా వచ్చి పడతారు, ఎందుకంటే మీరు ఎలాగూ పట్టరని తేల్చేసుకుంటారు.

పీక్‌కి దగ్గరగా ఉన్నవాడిదే అల. మీరు లేచే ముందు మెడ తిప్పి పీక్ వైపు చూడాలి. అక్కడ ఒకరు అప్పటికే లేచి ఉంటే ఆగిపోండి. చూసుకోకుండా లేచారా, అల వీపు మీదుగా వెంటనే బయటికి వచ్చేయండి, ‘ఇంకొంచెం దూరం పోయాక’ అనుకోవద్దు. ఇదే డ్రాప్ ఇన్, గొడవలు ఎక్కువగా మొదలయ్యేది దీనితోనే. తిరిగి వచ్చాక ఆ మనిషి దగ్గరికే వెళ్లి ఒక్కసారి ‘సారీ, నేను చూడలేదు’ అనండి. వివరణ ఇవ్వొద్దు. రెండోసారి సారీ కూడా వద్దు.

స్నేకింగ్ అంతకంటే పెద్ద నేరం, కొత్తవాళ్లు తెలియకుండా చేసేది. అల పట్టి తిరిగొచ్చి, కూర్చున్నవాళ్లని చుట్టేసి మళ్లీ పీక్‌కి అందరికంటే దగ్గర చేరడం. ‘దగ్గరున్నవాడిదే అల’ అన్న నియమం ప్రకారం మీరు ఒప్పే, కానీ వంతు తప్పారు. అల అయ్యాక వరస చివరికి వెళ్లాలి.

మాట మొదలైతే

‘ఎక్కడి నుంచి వచ్చావ్?’ అన్న ప్రశ్న చాలాసార్లు పరీక్షే. ఉన్న ఊరి పేరు చెప్పి, ‘ఇక్కడ మొదటిసారి, ఎక్కడ కూర్చుంటే అడ్డు రాను?’ అని అడగండి. ఇందులో లొంగుబాటు ఏమీ లేదు. ఆ అడిగిన మనిషి ఆ తర్వాత మీకు జవాబుదారీ అవుతాడు. ఒకరు కావాలని రెండు మూడుసార్లు మీ ముందు డ్రాప్ ఇన్ అయితే, అరవకుండా 50 మీటర్లు కిందికి జరగండి. అరుస్తుంటే జవాబివ్వకుండా చానెల్ వైపు తిరగండి. మీ బోర్డు పట్టుకుని లాగినా, ఒంటి మీద చెయ్యి వేసినా ఆ రోజుకి అయిపోయినట్టే. ఒడ్డుకి రండి, కానీ ఆ మనిషి వస్తున్న దారిన కాదు.

ఇసుక మీద తేల్చుకుందామనేవాళ్లతో తేల్చుకోవద్దు. 1966 ప్రపంచ చాంపియన్ నాట్ యంగ్ 2000లో ఆస్ట్రేలియాలోని ఆంగూరీలో తోటి సర్ఫర్ చేతిలో ముఖం ఎముకలు విరిగేలా దెబ్బలు తిన్నాడు. అది ఆయన ఉండే చోటే. మనవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. దాడి కేసులో అరెస్టు రికార్డు వీసాకి ఎసరు పెట్టగలదు, మొదలుపెట్టింది ఎవరైనా సరే. చెయ్యెత్తొద్దు.

హద్దు ఎక్కడ

తప్పు చేస్తే కసరడం వేరు, ఏ తప్పూ చేయనివాణ్ని రానివ్వకపోవడం వేరు. మొదటిది భరించండి, రెండోదాన్ని ఒప్పుకోవద్దు. లాస్ ఏంజెలెస్ పక్కన పాలోస్ వెర్డెస్ ఎస్టేట్స్‌లోని లునాడా బే ఈ రెండోదానికి పేరుపడ్డ చోటు. చలికాలంలో కుడివైపు విరిగే మంచి అల, దాని మీద ‘బే బాయ్స్’ అనే గుంపు పెత్తనం. బయటివాళ్ల మీద రాళ్లు విసరడం, కార్లు పాడుచేయడం దశాబ్దాల పాటు నడిచాయని ఆరోపణలు. 2016లో కోర్టులో దావా పడింది. కొండ కింద ఆ గుంపు వాడుకునే, అనుమతి లేని రాతి కట్టడాన్ని అదే ఏడాది కూల్చేశారు. 2024లో నగరపాలక సంస్థ దావా వేసినవాళ్లతో రాజీకి వచ్చింది.

చట్టం మీ వైపే ఉంది. కాలిఫోర్నియాలో పోటు నీరు సగటున చేరే గీత నుంచి సముద్రం వైపున్న తీరం ప్రజలది. అక్కడికి చేరే దారులని 1976 కోస్టల్ చట్టం కాపాడుతుంది. అమలు చూసేది కోస్టల్ కమిషన్. బెదిరింపు ఎదురైతే సమయం, చోటు, అన్న మాట అన్నట్టే అదే రోజు రాసుకోండి. కారు నంబరు, సాక్షుల ఫోన్ నంబర్లు తీసుకోండి. ప్రాణభయం ఉంటే 911, లేకపోతే స్థానిక పోలీసుల మామూలు నంబరు. పోలీసు రిపోర్టు నంబరు చేతికి వచ్చేదాకా కదలొద్దు. దారి మూసేస్తుంటే కోస్టల్ కమిషన్‌కి కూడా రాయండి.

కారు విండ్‌షీల్డ్ మీద ఎవరైనా సర్ఫ్ వ్యాక్స్ (కాలు జారకుండా బోర్డుకి రాసే మైనం) రుద్ది ఉంటే ముందు ఫోటో తీయండి. వైపర్లు వేయొద్దు, వేస్తే అద్దమంతా పులుముకుని రోడ్డు కనపడదు. ఎండలో మెత్తబడనిచ్చి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకేసి, మిగిలిన జిడ్డుని రబ్బింగ్ ఆల్కహాల్ పోసిన గుడ్డతో తుడవండి. కదిలే ముందు నాలుగు టైర్లూ చూసుకోండి.

మన తీరంలో

విశాఖ రుషికొండలో గానీ, చెన్నై దక్షిణాన కోవళం, మహాబలిపురంలో గానీ ముందునుంచీ ఉన్నవాళ్లు మత్స్యకారులు. కోవళంలో సర్ఫింగ్ నేర్పేవాళ్లలోనూ చాలామంది ఆ కుటుంబాల నుంచే వచ్చారు. దిగే ముందు పడవల దగ్గర ఉన్నవాళ్లని, ‘అన్నా, వల ఎక్కడ వేశారు, పడవలు ఎటు వస్తాయి?’ అని అడగండి. పడవ మీద కూర్చోవద్దు, ఆరబెట్టిన వల తొక్కొద్దు, దాని మీద బోర్డు పెట్టొద్దు. ఒడ్డుకి వచ్చే పడవ కెరటం వీపున ఎక్కి వస్తుంది. మధ్యలో ఆగలేదు, పక్కకి తిరగలేదు. దాని ముందు దారి పూర్తిగా వదిలేయాలి.

అలివి వల వేసి ఉంటే రెండు కొసల తాళ్లూ ఒడ్డు మీద మనుషుల చేతుల్లో ఉంటాయి. ఆ రెండు తాళ్ల మధ్యకి వెళ్లొద్దు, వల లాగడం అయ్యేదాకా ఆగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం ఉంటుంది కదా అని ఒడ్డున వలలుండవని అనుకోవద్దు. ఫిన్ (బోర్డు అడుగునుండే రెక్క) వలలో చిక్కితే గుంజొద్దు, గుంజేకొద్దీ వల కళ్లు తెగుతాయి. చీలమండ దగ్గర లీష్ విప్పేసుకుని, చెయ్యి పైకెత్తి ఒడ్డున ఉన్నవాళ్లని పిలవండి. విడదీయడం వాళ్లకి తెలుసు. వల చిరిగితే బాగుచేయడానికి ఎంతవుతుందో అడిగి అక్కడే ఇచ్చి రండి.