గాలి అందనప్పుడు ఈస్ట్ ఏ జన్యువులు వాడుకుంటుందో తెలుసుకోవడం ఎలా?

బుడగలు వస్తున్నాయి కాబట్టి ఆక్సిజన్ అయిపోయిందనుకుంటాం. అది నిజం కాదు. చక్కెర దండిగా ఉంటే బేకరీ ఈస్ట్ గాలి బాగా తగులుతున్నా పులియబెడుతూనే ఉంటుంది. లోపల ఏం మారిందో తేల్చాలంటే, జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే నకలు, అంటే ఆర్‌ఎన్‌ఏ చూడాల్సిందే. కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో, గైడు పక్కనుంటే చేయగలిగిన పనే.

ముందు ఏం వెతుకుతున్నామో తెలియాలి. ఇనుము ఉండే హీమ్ అనే అణువు తయారీకి ఆక్సిజన్ కావాలి. హీమ్ ఉన్నంతసేపు హ్యాప్1 అనే ప్రోటీన్ పనిచేసి రాక్స్1ను తయారు చేయిస్తుంది. ఈ రాక్స్1 కాపలావాడు. గాలి లేనప్పుడు పనికొచ్చే జన్యువులకు తాళం వేసి ఉంచుతాడు. ఆక్సిజన్ పోతే హీమ్ తగ్గుతుంది, రాక్స్1 కూడా తగ్గుతుంది, తాళాలు ఊడతాయి. ఇంకో దారి ఎర్గోస్టెరాల్‌ది, అంటే ఈస్ట్ కణపొరలో ఉండే కొవ్వుది. దాని తయారీకీ ఆక్సిజన్ కావాలి. అది కరువైతే అప్‌సీ2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి వేరే జన్యువులను లేపుతుంది.

1. స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) ఎంచుకోండి. 1996లో జన్యుక్రమం మొత్తం చదివిన ఎస్288సీ చాలా ల్యాబుల్లో దొరుకుతుంది. కానీ దాని హ్యాప్1 జన్యువులో ఒక జంపింగ్ జీన్ (చోటు మారే డీఎన్‌ఏ ముక్క) దూరి పాడుచేసింది! హ్యాప్1 బాగున్న స్ట్రెయిన్ అడిగి తెచ్చుకోండి.

2. లీటరు నీటికి 10 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 20 గ్రాముల పెప్టోన్, 20 గ్రాముల గ్లూకోజ్ కలిపి, స్టెరిలైజ్ చేసి, 30 డిగ్రీల దగ్గర కల్చర్ పెంచండి. బాగా పెరుగుతున్న దశలో రెండు ఫ్లాస్కులుగా పంచండి. రాత్రంతా గాలి లేకుండా పెంచాలంటే రెండింటిలోనూ ఎర్గోస్టెరాల్, ట్వీన్ 80 (కొవ్వు ఆమ్లం అందించే ద్రవం) వేయాలి. కొన్ని గంటల ప్రయోగానికైతే వద్దు. కణాల్లో ఉన్న నిల్వ సరిపోతుంది.

3. ఒకదానికి దూది బిరడా పెట్టి షేకర్ మీద ఉంచండి. రెండోదాంట్లోకి నైట్రోజన్ పంపండి. కిటికీలు తెరవడం మరవొద్దు, మూసిన గదిలో నైట్రోజన్ మనుషులకూ ప్రమాదమే. అదే మీడియం ఉన్న చిన్న సీసాలో రెసాజురిన్ (ఆక్సిజన్ ఉందో లేదో చూపే రంగు) చుక్క వేసి, అదే గ్యాస్ పంపి చూడండి: నీలం గులాబీగా మారి, ఆ గులాబీ కూడా పోయిందంటే ఆక్సిజన్ పోయినట్టే.

4. శాంపిల్ తీయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మూత తీయగానే గాలి లోపలికి వస్తుంది, ఈస్ట్ ఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో మారిపోతుంది. మూత తీయకుండా సిరంజితో లాగి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించండి. గ్యాస్ పెట్టకముందు ఒకటి, తర్వాత అరగంట, గంట, మూడు గంటలకు ఒక్కొక్కటి చాలు. గాలి తగిలే ఫ్లాస్కు నుంచీ అదే సమయాల్లో తీయాలి.

5. ఆర్‌ఎన్‌ఏ వేరుచేసి ఆర్‌టీ-క్యూపీసీఆర్ (రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌తో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి ఎంతుందో కొలిచే పద్ధతి) చేయండి. ఈస్ట్ జన్యువుల్లో చాలావాటికి ఇంట్రాన్లు (ఆర్‌ఎన్‌ఏలోంచి కత్తిరించి తీసేసే ముక్కలు) ఉండవు, కాబట్టి అసలు డీఎన్‌ఏకీ ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చినదానికీ తేడా తెలియదు. డీఎన్‌ఏ కాస్త మిగిలినా లెక్క తప్పుతుంది, అందుకే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబు ఒకటి కచ్చితంగా పెట్టండి. పెద్దగా మారని ఏసీటీ1 జన్యువును ఆధారంగా తీసుకుని రాక్స్1తో పాటు, గాలి లేనప్పుడు లేచే ఏఎన్‌బీ1, డాన్1 జన్యువులను కొలవండి. రాక్స్1 తగ్గి ఏఎన్‌బీ1 పెరగాలి. డాన్1 ఆలస్యంగా లేస్తుంది, అరగంట శాంపిల్‌లో కనపడకపోతే కంగారుపడొద్దు.

శ్వాసకు సంబంధించిన జన్యువులు తగ్గడం కూడా చూడాలనుకుంటే గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్‌తో మొదలుపెట్టండి. గ్లూకోజ్‌లో అవి గాలి ఉన్నప్పుడే అణిగి ఉంటాయి, కొత్తగా తగ్గేదేమీ పెద్దగా కనిపించదు.