క్యాన్సర్ చెకప్‌లకు రైలు టికెట్ రాయితీ: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు దరఖాస్తు విధానం

మా పిన్నిది ఒడిశాలోని గుణుపురం. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయి మూడేళ్లు దాటింది. ఆపరేషన్ దగ్గర్నుంచి రేడియేషన్ దాకా కొంత ఆరోగ్య కార్డు మీద, కొంత గాజుల తాకట్టు మీద నడిచింది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. గాజులు మాత్రం ఇప్పటికీ బ్యాంకులోనే ఉన్నాయి. విడిపించుకుందాం అనుకునేసరికి విశాఖలో మళ్లీ చెకప్ వస్తుంది.

పిన్ని దగ్గర ఒక స్కూలు నోట్‌బుక్ ఉంది. ఏ చెకప్‌కి ఏం ఖర్చయిందో పెన్సిల్‌తో రాసుకుంటుంది. ఆటో, టికెట్, టిఫిను, స్కానింగ్, రక్తపరీక్ష, రూం, మళ్లీ ఆటో. కింద ఒక మూల 'ఆయన కూలి 2 రోజులు' అని ఉంటుంది. తోడు వచ్చిన మా బాబాయి పోగొట్టుకున్న పని దినాలన్నమాట. ఏ ఆస్పత్రి బిల్లులోనూ ఆ లెక్క కనపడదు.

ఆరోగ్య కార్డు ఉంది కదా, ఇంకేం ఖర్చు అని చాలామంది అడుగుతారు. కార్డు మంచం మీద పడుకున్నప్పుడు పనికొస్తుంది. ఆయుష్మాన్ పథకంలో ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చు కలుస్తుంది. పదహారో రోజు నుంచి ఓపీకి వెళ్లి చూపించుకుని రావడం మన ఖర్చే. రొమ్ము క్యాన్సర్ వాళ్లకు డాక్టర్లు సాధారణంగా మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత రెండేళ్లు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి రమ్మంటారు. హార్మోన్ మాత్రలు రాస్తే అయిదేళ్లు, కొందరికి పదేళ్ల దాకా వేసుకోవాలి.

ఈ ఖర్చులో ప్రయాణం వాటాని తగ్గించుకునే దారి ఒకటుంది, రైల్వే వాళ్ల క్యాన్సర్ రాయితీ. కరోనా సమయంలో 2020లో సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేశారు గానీ దీన్ని ఆపలేదు. అయినా మన గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో వాడుకునేవాళ్లు తక్కువ. అన్నీ ఆగిపోయాయనే మాట జనంలో ఉండిపోయింది.

ఎవరికి, ఎంత

క్యాన్సర్ పేషెంట్ ఆస్పత్రిలో చేరడానికైనా, ట్రీట్‌మెంట్‌కైనా, చెకప్‌కైనా వెళ్లి వచ్చే ప్రయాణానికి ఇది వర్తిస్తుంది. ఆదాయ పరిమితి లేదు. రేషన్ కార్డు, బీపీఎల్ గొడవ లేదు. ఒంటరిగా వెళ్లినా ఇస్తారు, తోడుగా ఒక మనిషి వచ్చినా ఇస్తారు.

స్లీపర్, థర్డ్ ఏసీల్లో పేషెంట్‌కు చార్జీ పూర్తిగా మాఫీ. ఆ రెండు తరగతుల్లో తోడు వెళ్లే మనిషికి 75 శాతం తగ్గిస్తారు. సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, ఏసీ చైర్‌కార్‌లలో ఇద్దరికీ 75 శాతం. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో ఇద్దరికీ 50 శాతం. ఈ తగ్గింపంతా అసలు చార్జీ మీదే. రిజర్వేషన్ ఫీజు, సూపర్‌ఫాస్ట్ ఫీజు లాంటివి కట్టాల్సిందే. 'పూర్తిగా ఉచితం అన్నారు, డబ్బులు తీసుకున్నారేంటి' అని కౌంటర్ దగ్గర గొడవపడకండి.

ఉన్నమాట చెప్పుకోవాలి. గుణుపురం నుంచి విశాఖకు ప్యాసింజర్‌లో వెళ్లేవాళ్లకు దీనివల్ల మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదు. కాగితం కోసం తిరిగే తిరుగుడుకే సరిపోతుందని బాబాయి విసుక్కుంటాడు. అసలు లాభం దూరం వెళ్లేవాళ్లకు. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లే కుటుంబానికి థర్డ్ ఏసీలో పేషెంట్ చార్జీ మొత్తం, తోడు మనిషి చార్జీలో ముప్పాతిక మిగులుతాయి. కీమో పడిన ఒంటితో జనరల్ పెట్టెలో నిలబడి వెళ్లే అవసరం తప్పుతుంది. రాయగడ, కోరాపుట్ వైపు నుంచి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో భువనేశ్వర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లకూ బాగానే కలిసొస్తుంది.

సర్టిఫికెట్ తెచ్చుకోవడం

దీనికి ఆన్‌లైన్‌లో అప్లై చేసేదేమీ లేదు. రైల్వే నిర్ణయించిన ఒక పేజీ ఫారం ఉంటుంది. క్యాన్సర్ ఆస్పత్రి గానీ, క్యాన్సర్ వైద్యం ఉన్న గుర్తింపు పొందిన ఆస్పత్రి గానీ దాన్ని నింపి, ఇన్‌చార్జి సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. పేషెంట్ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద అన్నవి అందులో ఉంటాయి. పేషెంట్ సంతకం గానీ వేలిముద్ర గానీ పడాలి. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఫారం వాళ్ల దగ్గరే దొరుకుతుంది. మెడికల్ సోషల్ వర్కర్ కూర్చునే గది ఎక్కడో అడగండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ట్రీట్‌మెంట్ ముగిసినవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. పిన్ని మొదటిసారి ఫారం అడిగినప్పుడు, ఆ ఆస్పత్రి పేరు ఎందుకులెండి, టేబుల్ దగ్గరున్న ఆయన ఫైల్ తిరగేసి, "ట్రీట్‌మెంట్ అయిపోయింది కదమ్మా, మీరిప్పుడు పేషెంట్ ఎలా అవుతారు?" అన్నాడు. పేషెంట్‌ని కాదన్నందుకు సంతోషించాలో, టికెట్ పోయినందుకు ఏడవాలో తెలియక పిన్ని తిరిగొచ్చేసింది.

ఆయన అన్నది తప్పు. ఏ పని మీద ప్రయాణం అన్న చోట ట్రీట్‌మెంట్‌తో పాటు 'పీరియాడికల్ చెకప్' అని ఫారంలోనే అచ్చయి ఉంటుంది. మిగతావి కొట్టేసి ఆ మాట ఉంచమని అడగాలి. రెండోసారి నేను వెంట వెళ్లి ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదువుకుని, ఇంకేం మాట్లాడకుండా లోపలికి పంపాడు. పది నిమిషాల్లో ముద్ర పడింది. కాబట్టి వాదన పెట్టుకోకండి, ఫారం చూపించండి. డాక్టర్ తర్వాతి చెకప్ తేదీ రాసిన ఓపీ చీటీ కూడా పక్కన పెడితే మాట పెరగదు.

ఇంకో తిరకాసు ఉంది. ఆస్పత్రికి వెళ్లాలంటే సర్టిఫికెట్ కావాలి, అది ఇచ్చేదేమో ఆస్పత్రి. చెకప్‌కి వెళ్లినప్పుడే తిరుగు ప్రయాణానికి ఒకటి, వచ్చేసారి రావడానికి ఒకటి అడిగి తెచ్చుకోవడం మా పద్ధతి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే చేస్తారు కాబట్టి మూడు నెలల తర్వాతి టికెట్ ఆ రోజే తీసుకోవడం కుదరదు. కాగితం ఇంట్లో జాగ్రత్తగా దాచుకోవాలి. తేదీ మరీ పాతదైతే కౌంటర్‌లో నసుగుతారు. ఆరు నెలల గడువున్న చెకప్ అయితే దగ్గర్లో క్యాన్సర్ వైద్యం ఉన్న ప్రభుత్వ ఆస్పత్రిలో ఫైల్ చూపించి కొత్తగా రాయించుకోవడం మేలు.

ఇంటిపేరు ముందా, వెనకా

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తన్నేది పేరు దగ్గరే. 1936 ఏప్రిల్ 1న గీత గీసి పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారు గానీ, ఒంట్లో బాగోలేకపోతే మన కాళ్లు ఇప్పటికీ విశాఖ వైపే నడుస్తాయి. దాంతో ఒకే మనిషికి రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లు తయారవుతాయి. ఇక్కడి ఆధార్‌లో ఇంటిపేరు చివర వేసి 'వెంకటలక్ష్మి పాత్రుడు' అంటారు. అక్కడి ఆస్పత్రి ఫైల్లో 'పి.వి. లక్ష్మి' అవుతుంది. ఇక్కడి కౌంటర్‌లో ఒడియా గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి "హెబొ నాహిఁ, మావుసీ" (కుదరదు, పిన్నీ) అంటాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆయనకు ఇద్దరు మనుషులు కనపడుతున్నారు.

విశాఖలో ఓపీ కార్డు రాయించే మొదటి రోజే ఆధార్ తీసి, అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించమనండి. ఇప్పటికే తప్పు పడి ఉంటే రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఆధార్ చూపించి దిద్దించుకోండి. తర్వాత సర్టిఫికెట్, టికెట్, ఆరోగ్య కార్డు అన్నీ ఆ పేరు వెంటే నడుస్తాయి.

రిజర్వేషన్ స్లిప్‌లో పేరు 15 ఇంగ్లిష్ అక్షరాలకు మించకూడదని ఉంటుంది. వెంకటలక్ష్మి ఒక్కటే 14. అక్కడ ఇంటిపేరు కుక్కడానికి చూడకండి, పేరు స్పష్టంగా ఉంటే చాలు.

కౌంటర్ దగ్గర

మొబైల్ యాప్‌లో ఈ రాయితీ రాదు. స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌కే వెళ్లాలి. పేషెంట్ స్వయంగా వెళ్లాల్సిన పని లేదు, ఇంట్లోవాళ్లు వెళ్లొచ్చు. సర్టిఫికెట్ ఒరిజినల్, రెండు జిరాక్సులు, పేషెంట్ ఆధార్, తోడు మనిషి ఆధార్ పట్టుకెళ్లండి. స్లిప్‌లో రాయితీ గురించి రాసే గడి ఉంటుంది. అక్కడ 'క్యాన్సర్ పేషెంట్' అని, తోడు మనిషి పేరు పక్కన 'ఎస్కార్ట్' అని రాయండి. ఇద్దరికీ ఒకే టికెట్ తీసుకోండి. పేషెంట్ లేకుండా తోడు మనిషి ఒక్కడే వెళితే రాయితీ చెల్లదు.

తత్కాల్‌లో ఏ రాయితీ ఉండదు. వందే భారత్‌లోనూ అంతే, బరంపురం మీదుగా పోయేదైనా, రాయగడ మీదుగా పోయేదైనా. ఆ బండ్లకు మామూలు చార్జీ ఇచ్చుకోవాల్సిందే. రైలెక్కాక టీసీకి సర్టిఫికెట్ చూపించి చార్జీ తగ్గించమంటే కుదరదు, టికెట్ ముందే రాయితీతో కొని ఉండాలి. ఇంకొక రాయితీ ఉన్నా రెండూ కలిపి ఇవ్వరు, ఏదో ఒకటే. ప్రయాణంలో సర్టిఫికెట్ కాపీ, ఓపీ చీటీ చేతి సంచీలో ఉంచండి. సీటు కింద సూట్‌కేసులో అడుగున పెట్టి, టీసీ వచ్చాక వెతుక్కునే తిప్పలు మేం పడ్డాం.

టికెట్ ఒక్కటేనా

ఒడిశాలో 2025 ఏప్రిల్ 11 నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఒకే కార్డుగా ఇస్తున్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు వయ వందన కార్డు వేరే ఉంది. పాత రాష్ట్ర పథకం ఇచ్చిన బీజూ కార్డు పట్టుకుని కూర్చోకుండా రేషన్ కార్డు, ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించుకోండి. కొత్త కార్డుతో మనకు వచ్చిన సుఖం, అది ఆంధ్రాలోని ఆయుష్మాన్ ఆస్పత్రుల్లో కూడా చెల్లడం. బయల్దేరే ముందు 14555కి ఫోన్ చేసి, మీరు వెళ్లే ఆస్పత్రి క్యాన్సర్ వైద్యానికి జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. ఆస్పత్రిలో చేరితేనే కార్డు అన్న మాట ఇక్కడా వర్తిస్తుంది.

జబ్బు తిరగబెట్టి మళ్లీ పెద్ద ట్రీట్‌మెంట్ పడితే ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి పెట్టుకోవచ్చు. ఫారం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేషెంట్ ఫొటోలు రెండు, నివాస రుజువు, ఆదాయ సర్టిఫికెట్, జబ్బు వివరం, ఖర్చు అంచనా రాసి ఆస్పత్రి ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్ జత చేయాలి. ఆదాయ సర్టిఫికెట్‌కి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఒడిశా ప్రభుత్వ సేవలు అందించే మో సేవా కేంద్రంలో దరఖాస్తు పెడితే సరిపోతుంది. సాయం మంజూరైతే డబ్బు నేరుగా ఆస్పత్రికి వెళుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి గానీ ఆ నిధి జాబితాలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రి గానీ అయ్యుండాలి. ఇప్పటికే కట్టేసిన బిల్లులకు ఇవ్వరు, అందుకని ఆపరేషన్ తేదీ రాసిన రోజే కాగితాలు కదిలించాలి.

నెలనెలా మాత్రలకు జన ఔషధి షాపు చూడండి. టామోక్సిఫెన్, లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు వాళ్ల జాబితాలో ఉన్నాయి. డాక్టర్ దగ్గర బ్రాండ్ పేరుతో పాటు మందు పేరు కూడా రాయించుకోండి, లేకపోతే షాపువాడు ఏదిస్తున్నాడో మీకు తెలియదు. చిన్న ఊళ్లలో స్టాకు ఒక్కోసారి ఉండదు. పిన్ని పది రోజుల మాత్రలు మిగిలుండగానే ఫోన్ చేసి తెప్పించమంటుంది.