బిడ్డ వీల్‌ఛైర్‌కు చందా అడిగే ముందు

ధర అడగకముందే కొలతలు. ఫిజియోథెరపిస్టు చేత బిడ్డ తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమదాకా కొలిపించండి. పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోబెడితే బిడ్డ ఒక పక్కకి ఒరిగిపోతుంది, వెన్ను వంకరపోయే ప్రమాదం ఉంది. ఇంటి గుమ్మాలూ కొలవండి. కంచరపాలెంలో మా మేనకోడలి ఇంట్లో బాత్రూం తలుపు కుర్చీకంటే రెండంగుళాలు ఇరుకు. టేపు పెట్టాకే తెలిసింది.

వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ తీశారా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి, ఆదాయం పరిమితిలో ఉంటే కేంద్రం ఏడీఐపీ పథకం కింద ఉపకరణం దొరికే వీలుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో టీచర్‌ని అడగండి. అక్కడ దొరకనిదానికే చందా అడగడం న్యాయం.

కొటేషన్ కాగితం మీద తీసుకోండి. కుషన్, బెల్టు, రిపేరు విడివిడిగా రాయించండి.

ఖాతా ఒక్కటే ఉండాలి. ఇచ్చినవారి పేరు, తేదీ, మొత్తం నోటుబుక్కులో ఏ రోజుకారోజు రాయండి.

ఎవరైనా ఫోన్ చేసి "డబ్బు వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. పుచ్చుకోడానికి పిన్ అక్కర్లేదు.

ఫొటో పెట్టేముందు బిడ్డని అడగండి. ఏడుపు మొహం వద్దు, తనకీ సిగ్గూ అభిమానం ఉంటాయి. ఆధార్, సర్టిఫికెట్ నంబర్లు వాట్సాప్‌లో పెట్టకండి.

డబ్బు మిగిలితే దేనికి వాడతారో మొదటి మెసేజ్‌లోనే చెప్పండి.