ఒకే ఏటి నీళ్లు మూడు ల్యాబులకు పంపడం ఎలా?

నాగావళి నీళ్లు మూడు ల్యాబులకు పంపితే మూడు రకాల రిపోర్టులు వచ్చాయని, ఎవరో డబ్బులు తిని రాసేశారని చెప్పేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు తగులుతారు. నేను అడిగేది ఒక్కటే: బాటిళ్లు ఎలా నింపారు? "ఏట్లో దిగి ఒకదాని తర్వాత ఒకటి ముంచాం" అంటారు. అంటే మూడు వేర్వేరు నీళ్లు పంపారన్నమాట. ఇక ల్యాబులను తిట్టి ఏం లాభం?

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్, నైలాన్ తాడు, లీటరు పాలిథీన్ బాటిళ్లు, పురుగుమందుల పరీక్షకు ముదురు గోధుమరంగు గాజు బాటిళ్లు, గ్లౌజులు, తడిసినా చెరగని మార్కర్. ఐస్‌కు చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె చాలు, కొత్తది కొనండి. బాటిళ్లన్నీ ఒకే చోట నుంచి తెచ్చుకోండి. కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి తెచ్చేవాళ్లకో దండం. కోలాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. ఆ తర్వాత ఏట్లో ఫాస్ఫేట్ ఎక్కువైందని గగ్గోలు.

ఏటికి వెళ్లే ముందు మూడు ల్యాబులకూ ఫోన్ చేసి ఏ పద్ధతిలో చేస్తారు, ఎంత తక్కువ వరకు కొలవగలరు, ఏ లెక్కలో రాస్తారు అని అడగండి. నైట్రేట్ సంగతే చూడండి. ఒక ల్యాబ్ మొత్తం నైట్రేట్‌గా రాస్తుంది, ఇంకోటి అందులోని నత్రజనిని మాత్రమే రాస్తుంది. రెండింటికీ మధ్య దాదాపు 4.4 రెట్లు తేడా. ఒక కాగితం మీద లీటరుకు 9 మిల్లీగ్రాములు, ఇంకో కాగితం మీద 40 ఉంటే అవి ఒకే నీళ్లు కావచ్చు. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెప్పే 45 మొత్తం నైట్రేట్ లెక్క. బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) కూడా అంతే. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చేస్తారు, 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చేసే పద్ధతీ ఉంది. రెండూ కలిపి పోల్చకండి.

నీళ్లు వంతెన మీద నుంచి, పారే నీటి నడుమ, పైనుంచి అడుగు లోతులో తీయండి. గెడ్డ (చిన్న వాగు) వచ్చి కలిసే మూల దగ్గర తీస్తే అది గెడ్డ రిపోర్టే, ఏటి రిపోర్టు కాదు. నాగావళి సముద్రంలో కలిసే కళ్లేపల్లి వైపు, వంశధార కలిసే కళింగపట్నం వైపు పోటు ఎక్కే చోట తీస్తే ఉప్పులోని క్లోరైడ్ సీవోడీని (మురికిని రసాయనాలతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్ లెక్కను) పెంచి చూపిస్తుంది. ఆ సంగతి ల్యాబుకు ముందే చెప్పండి.

ఇక అందరూ పాడుచేసే పని దగ్గరికి వద్దాం: పంపకం, అంటే బకెట్లో తోడిన నీళ్లను బాటిళ్లకు పంచడం.

వానాకాలంలో ఒడిశా కొండల నుంచి దిగే నీళ్లు ఎర్రగా ఉంటాయి. సీసం, క్రోమియం, రాగి లాంటి లోహాలు ఎక్కువగా ఆ సన్నటి మట్టికే అంటుకుని వస్తాయి. బకెట్‌ను రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే మట్టి కిందికి దిగుతుంది. మొదట నింపిన బాటిల్లో తేట, చివరి బాటిల్లో బురద. ఇనుము ఒక రిపోర్టులో కొంచెం, మరో రిపోర్టులో దానికి కొన్ని రెట్లు. ఇంకేముంది, గొడవ.

అందుకే బకెట్లో నీళ్లను శుభ్రమైన ప్లాస్టిక్ గరిటెతో పైకీ కిందికీ కలపాలి. గుండ్రంగా తిప్పకూడదు. గ్లాసులో టీ తిప్పితే పొడి నడిమికి చేరినట్టు మట్టి కూడా నడిమికి చేరుతుంది. కలిపి మొదటి బాటిల్లో మూడో వంతు, రెండో దాంట్లో మూడో వంతు, మూడో దాంట్లో మూడో వంతు పోయండి. మళ్లీ కలిపి ఈసారి మూడో బాటిల్ నుంచి వెనక్కి రండి. మళ్లీ కలిపి నిండుగా పూర్తి చేయండి. సగం సగం పోస్తే చాలంటారు కొందరు. నా దగ్గర కుదరదు. నాలుగో బాటిల్ ఒకటి మీ కోసం కూడా ఇదే వరుసలో నింపండి, ఎందుకో చివర్లో చెబుతాను.

నూనె, గ్రీజు పరీక్షకు మాత్రం బకెట్ వద్దు, నూనె గోడలకు అంటుకుపోతుంది. టొల్యూన్ లాంటి ద్రావకాలు పోసేటప్పుడే గాల్లో కలిసిపోతాయి. వీటికి నేరుగా ఏట్లోనే నింపాలి. అక్కడ ల్యాబుల మధ్య తేడా కాస్త ఎక్కువే వస్తుంది, ఒప్పుకోవాలి.

తర్వాత యాసిడ్. లోహాల బాటిల్‌కు లీటరుకు 1.5 నుంచి 2 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ యాసిడ్, పీహెచ్ 2 కన్నా దిగాలి. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. మొత్తం లోహాలు కావాలా, నీటిలో కరిగినవే కావాలా అన్నది ముందే తేల్చుకోండి. కరిగినవే కావాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టాకే యాసిడ్ వేయాలి. ముందు యాసిడ్ వేశారో, మట్టికి అంటుకున్న లోహం కూడా కరిగి వచ్చేస్తుంది. అన్ని బాటిళ్లకూ ఒకే సీసాలోని యాసిడ్, ఒకే మనిషి చేయి.

ఖాళీ శాంపిల్ మర్చిపోకండి. ఏటి నీళ్లు తోడకముందే డిస్టిల్డ్ వాటర్‌ను అదే బకెట్లో పోసి, అదే గరిటెతో కలిపి, అదే యాసిడ్ వేసి మూడు ల్యాబులకూ పంపండి. అది ఖాళీ శాంపిలని చెప్పకండి. మొదట్లో నేను ఇంట్లో ఉన్న జింకు పూత ఇనుప బకెట్‌తో వెళ్లాను. మూడు ల్యాబులూ జింకు ఎక్కువని ఏకగ్రీవంగా చెప్పాయి. నేనూ సంబరపడి అందరికీ చూపించాను. తర్వాతిసారి ఖాళీ శాంపిల్ పంపితే అందులోనూ జింకే!

ఐస్ పెట్టి సోమవారమో మంగళవారమో పంపండి. శుక్రవారం పంపితే ఆదివారం దాకా ల్యాబ్ మూలన పడి ఉంటుంది. యాసిడ్ వేయని నైట్రేట్ శాంపిల్‌కు 48 గంటలే గడువు, బీవోడీ ఇంకా తొందరగా మొదలుపెట్టాలి. విశాఖకు వెళ్లే శాంపిల్, శ్రీకాకుళంలో ఇచ్చే శాంపిల్ ఒకే రోజు మొదలుపెట్టమని అడగండి.

రిపోర్టులు వచ్చాక రెండు అంకెల తేడాను వాటి సగటుతో భాగించండి. 20 శాతం లోపైతే టెన్షన్ పడక్కర్లేదు. 'బీడీఎల్' అని ఉంటే సున్నా అనుకోకండి. ల్యాబ్ కొలవగలిగిన దానికన్నా తక్కువ అని మాత్రమే. సీసం లోహానికి తాగునీటి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. 0.05 కన్నా కింద చూడలేని ల్యాబ్ 'బీడీఎల్' అని రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు. ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందంటే సరిపోదు, గుర్తింపు పరీక్ష పరీక్షకూ విడిగా ఇస్తారు. నీటిలో సీసం ఆ జాబితాలో ఉందో లేదో చూడండి.

అన్నీ సరిగ్గా చేసినా ఒక ల్యాబ్ తేడాగా చెబితే, అప్పుడు దాచిన నాలుగో బాటిల్ తీయండి. యాసిడ్ వేసిన లోహాల శాంపిల్ ఆరు నెలల దాకా పనికొస్తుంది, పాదరసానికి మాత్రం 28 రోజులే. అదే ల్యాబుకు కొత్త నంబరు రాసి పంపండి.