ఇంధన ట్యాంకు పక్కన వైరు దెబ్బతింటే

జనరేటర్ గదిలోనో, ఇంధనం నిల్వ చేసే షెడ్డులోనో ఎలుక కొరికిన వైరు కనబడగానే చెయ్యి టేపు చుట్ట మీదికి పోతుంది. ముందు పని చెప్పాల్సింది ముక్కుకు. పెట్రోలు వాసన వస్తుంటే అక్కడున్న ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు కూడా. ఆపేటప్పుడు కూడా స్విచ్చు లోపల రవ్వ పుడుతుంది, పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి అంతకంటే చిన్న రవ్వ చాలు. తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి. వీలైతే దూరంగా ఉన్న మెయిన్ దగ్గరే కరెంటు తీయండి; కానీ జనరేటర్ ఆటోలో (కరెంటు పోగానే తనంతట తానే స్టార్ట్ అయ్యే అమరికలో) ఉంటే మెయిన్ ముట్టొద్దు. ఫోను కూడా బయటికి వచ్చాకే. గాలి బాగా ఆడాలని టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే నేల మీద, గుంటల్లో, కేబుల్ కాలువల్లో పేరుకుంటుంది. నిలబడ్డ మనిషికి వాసన తగలకపోయినా మోకాలి కింద ఉండొచ్చు. పైగా కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. గ్యాస్ డిటెక్టర్ ఉంటే నేల దగ్గరే పెట్టి చూడాలి. గాలిలో ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది కాబట్టి, లోపల గాలికి చోటున్న దాదాపు ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. డీజిల్ సంగతి కొంత నయం. పెట్రోలు కంటే చాలా ఎక్కువ వేడెక్కితే గానీ అంటుకునేంత ఆవిరి వదలదు. అయితే తుంపరగా చిమ్మినా, వేడి సైలెన్సర్ మీద పడినా, గుడ్డకు పట్టినా ఆ భరోసా పోతుంది. కారుతున్న చోటు ఉంటే ముందు దాన్ని ఆపాలి, ఒలికినదాన్ని ఇసుకతో ఎత్తి బయట పారేయాలి, తర్వాతే వైరు పని. పెట్రోలు నిల్వ ఉన్న గదిలో పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

కరెంటు తీయడంలో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మెయిన్ ఆపగానే, ఆటోలో ఉన్న జనరేటర్ ‘కరెంటు పోయింది’ అనుకుని తనంతట తానే స్టార్ట్ అయి, మీరు పట్టుకున్న వైరుకే కరెంటు ఇస్తుంది. కాబట్టి మొదట జనరేటర్‌ను ఆటో నుంచి ఆఫ్‌కు మార్చండి. తర్వాత ఇన్వర్టర్, సోలార్ ఆపి, చివర్లో మెయిన్ దించి తాళం వేయండి. స్క్రూడ్రైవర్‌లా ఉండి చిన్న లైటు వెలిగే నియాన్ టెస్టర్‌ను నమ్మొద్దు. రెండు మొనలున్న టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట చూసుకుని, తర్వాత మీ వైరులో ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూసి, మళ్లీ కరెంటున్న చోట సరిచూడాలి. మధ్యలో టెస్టరే పాడైతే తెలిసేది ఆ చివరి పరీక్షతోనే.

వైరు ఎందుకు పాడైందో చూడండి. పంటి గాట్లుంటే ఎలుక. నల్లగా మాడి ఉంటే లోడు ఎక్కువైంది, లేదా అతుకు వదులైంది. గట్టిపడి, వంచితే పగులుతుంటే డీజిల్ తగిలి ఉండొచ్చు. వైరు మీది పీవీసీ తొడుగును మెత్తగా ఉంచే పదార్థాన్ని డీజిల్ లాగేస్తుంది. అలాంటి వైరు పైకి బాగున్న చోట కూడా నమ్మదగ్గది కాదు.

అందుకే ట్యాంకు దగ్గర అతుకు వేయకండి, టేపు అసలే వద్దు. డీజిల్ తగిలితే దాని జిగురు ఊడిపోతుంది. గది గోడ అవతల ఒక జంక్షన్ బాక్సు నుంచి తర్వాతి బాక్సు దాకా అతుకు లేని కొత్త వైరు లాగండి. 220–240 వోల్టుల ఇళ్లలో లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మామూలు. పాతదాని కంటే సన్నది వేయకూడదు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) రేటింగు వైరు మోయగలిగినదాన్ని మించకూడదు. ట్యాంకు మీదుగా కాకుండా ఎత్తుగా, ఎలుక కొరకలేని పైపులో తీసుకెళ్లండి. గోడ దాటే చోట పైపు నోటిని ఇంధనానికి చెడని సీలెంటుతో మూసేయాలి. లేకపోతే ఆవిరి ఆ పైపు గుండానే స్విచ్ బోర్డు దాకా పోతుంది. ఐపీ65 అని రాసిన బాక్సు దుమ్మును, నీటిని ఆపుతుంది. అది పేలుడు నిరోధక బాక్సు కాదు.

చివర్లు వలిచేటప్పుడు రాగి పోగులు తెగకూడదు. సరిపడా లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) వేసి, నొక్కి బిగించి (క్రింప్ చేసి), లాగి చూడండి. సోల్డరింగ్, హీట్ గన్ పనులుంటే బయటే చేసుకుని రండి. ట్యాంకుకు ఉన్న ఎర్త్ వైరును అడ్డొస్తోందని విప్పొద్దు.

లోడ్లన్నీ విడదీసి, దూరంగా ఉన్న చివర నుంచి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతుందో కొలిచే మీటరుతో) చూడండి. 1 మెగోమ్ కనీస హద్దు. కొత్త వైరు వందల్లో చూపించాలి, రెండో మూడో చూపిస్తే ఎక్కడో గీసుకుపోయింది, మళ్లీ లాగండి. అది సరిపోతే వాసన మరోసారి చూసుకుని మెయిన్ ఎత్తండి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి. లోడ్లు ఒక్కొక్కటే కలిపి, అరగంట తర్వాత బాక్సు మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే లోపల స్క్రూ వదులుగా ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాకే జనరేటర్‌ను తిరిగి ఆటోలో పెట్టండి.